గంతలు కట్టుకుంటే వైకల్యం అర్థమవుతుందా? తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకు సలహా కావాలి

లెక్కల టీచరు:

నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఈసారి తొమ్మిదో తరగతికి ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనిగా టీచర్లందరం కలిసి ఒకే అంశం ఇచ్చాం: వైకల్యం. 38 మంది పిల్లలు, ఆరు జట్లు. డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం కాబట్టి ఆ రోజు అందరి ముందూ ప్రదర్శించాలన్నది ఆలోచన. అంశం ఎంచింది నేనే. ఇప్పుడు దాని గురించి నిద్రపట్టక ఆలోచిస్తున్నదీ నేనే.

మొదటి వారంలో నాలుగు జట్లు చార్టులు తెచ్చాయి. నాలుగింటి మీదా నెట్ సెంటరులో ప్రింటు తీయించిన ఒకే చక్రాల కుర్చీ బొమ్మ. పక్కన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, కృత్రిమ కాలితో నాట్యం చేసిన సుధాచంద్రన్, చూపులేనివారి చుక్కల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ. ఒక చార్టు అడుగున ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘వారిపై జాలి చూపుదాం’ అని పెద్ద అక్షరాలు. పిల్లలను తప్పుపట్టను. ఇన్నేళ్ళూ పెద్దవాళ్ళం వాళ్ళకు చెబుతూ వచ్చింది అదే.

ఐదో జట్టు ఒక పీరియడ్ మొత్తం అందరికీ కళ్ళకు గంతలు కట్టి మైదానంలో నడిపిస్తామంది. ఆరో జట్టు కాలు కట్టేసుకుని నడిచే పోటీ పెడతామంది. నాకూ మొదట బాగానే అనిపించింది. అనుభవిస్తేనే కదా తెలిసేది అనుకున్నాను.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉంది. సెరెబ్రల్ పాల్సీ. వాకర్ పట్టుకుని నడుస్తుంది. మాట ఆలస్యంగా, కూడదీసుకుని వస్తుంది. బీజగణితంలో మాత్రం ఆమెకన్నా ముందు లెక్క ముగించేవాళ్ళు తరగతిలో ఇద్దరే ఉన్నారు. గురువారం చివరి పీరియడ్‌లో ఆరో జట్టు మగపిల్లలు కాళ్ళు వంకర పెట్టి నడవడం సాధన చేస్తున్నారు. ఒకడు పడ్డాడు. తరగతంతా నవ్వింది. ఎవరి మనసులోనూ చెడు ఉద్దేశం లేదు, అది నాకు తెలుసు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. నోటు పుస్తకంలో గీసిన గీత మీదే స్కేలు పెట్టి మళ్ళీ మళ్ళీ గీస్తూ కూర్చుంది. గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఆగి నన్ను అడిగింది: “టీచర్, నేను ఎక్కడ ఉండాలి? ప్రాజెక్టు చేసే జట్టులోనా, ప్రాజెక్టులోనా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. “రేపు చెబుతానమ్మా” అన్నాను. రేపు వచ్చి వెళ్ళింది కూడా.

ఇంకొకటి చెప్పకపోతే నా ప్రశ్నకు నిజాయితీ ఉండదు. మైదానంలో ఇసుక ఎక్కువ కాబట్టి మూడేళ్ళుగా ప్రార్థన సమయంలో “నువ్వు తరగతిలోనే కూర్చో తల్లీ” అంటూ వస్తున్నాను. దాన్ని దయ అనుకున్నాను. నీకు రావాలని ఉందా అని ఒక్కసారీ అడగలేదు.

గంతలు కట్టించడం మంచిదా కాదా? ఆ అమ్మాయిని ప్రదర్శన వస్తువుగా చేయకుండా జట్టులో ఎలా కలుపుకోవాలి? చార్టు అంటించడం కాకుండా పిల్లలు చేతులతో చేసి తెలుసుకునే పని ఏముంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. నాకు మూడున్నర వారాల సమయం ఉంది.

ఆరు చుక్కలు:

టీచరుగారూ, గంతలు వద్దు. నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. పదకొండేళ్ళుగా బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను.

గంతలు కట్టుకున్న పిల్లవాడికి తెలిసేది అంధత్వం కాదు. చూపు హఠాత్తుగా పోయిన మొదటి పది నిమిషాల భయం. అతనికి తెల్లకర్ర పట్టడం రాదు. గోడ దగ్గరైతే అడుగుల చప్పుడు మారుతుందని తెలియదు. బల్లకు గుద్దుకుంటాడు, గంతలు విప్పుకుంటాడు, ‘అమ్మయ్య’ అనుకుంటాడు. ఆ అమ్మయ్యతో పాఠం అయిపోతుంది. రేపు నాలాంటివాడు ఎదురైతే గుర్తుకొచ్చేది తన భయమే. అందుకే ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేస్తారు. నేను దాటాలనుకోని రోడ్లు ఎన్ని దాటానో లెక్కలేదు.

నా ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను. బస్సు దిగాక ఇస్త్రీ బండి బొగ్గు వాసన తగిలేవరకు తిన్నగా నడుస్తాను. అక్కడ కుడికి తిరిగితే జెరాక్స్ యంత్రం చప్పుడు. అది దాటితే మా బ్యాంకు మెట్లు. ఇందులో బాధ లేదు. బాధ ఎక్కడంటే, నడకదారికి అడ్డంగా నిలిపిన మోటారు సైకిల్ దగ్గర. మాట్లాడని ఏటీఎం దగ్గర. నా ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ ఉన్నాయి. తెరమీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. ఎన్‌వీడీఏను మొదలుపెట్టింది చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కానీ ఎవరో ఒక ఉత్తర్వును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు నా ఫోనుకు అది ఖాళీ కాగితమే. నా కళ్ళు అడ్డుపడని చోట ఆ ఫొటో అడ్డుపడుతుంది. పిల్లలకు చూపించాల్సింది దాన్ని.

మీరు లెక్కల టీచరు కాబట్టి రెండు పనులు చెబుతాను.

కొత్త 100, 200, 500 నోట్లు ఒక్కొక్కటి తెప్పించి స్కేలుతో కొలిపించండి. వెడల్పు మూడింటికీ 66 మిల్లీమీటర్లే. పొడవు వరుసగా 142, 146, 150. అంటే నోటుకూ నోటుకూ తేడా నాలుగు మిల్లీమీటర్లు. నా చేతివేళ్ళు రోజంతా పట్టుకునేది ఆ నాలుగు మిల్లీమీటర్లనే. అంచుల దగ్గర ఉబ్బెత్తు గీతలూ ఉంటాయి: వందకు నాలుగు, రెండువందలకు నాలుగు గీతలతోపాటు మధ్యలో రెండు వృత్తాలు, ఐదువందలకు ఐదు. కొత్త నోటు మీద వేలికి తగులుతాయి, నలిగిన నోటు మీద తగలవు. మీ పిల్లలు అట్టముక్కతో నోట్ల కొలత పట్టీ చేయగలరు. నా జేబులో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

రెండోది బ్రెయిలీ. ఒక గడిలో ఆరు చుక్కలు, ప్రతి చుక్కా ఉండవచ్చు, లేకపోవచ్చు. ఎన్ని అక్షరాలు వస్తాయో పిల్లలను లెక్కకట్టమనండి. 64 వస్తుంది, ఖాళీ గడి తీసేస్తే 63. ఇన్ని భాషలు, అంకెలు, సంగీత స్వరాలు అన్నీ ఆ 63లోనే సర్దుకున్నాయి. మన దేశ భాషలకు కలిపి 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. ‘క’కు తెలుగులో, హిందీలో, తమిళంలో అవే రెండు చుక్కలు. ‘అమ్మ’ అని రాయాలంటే ‘అ’కు ఒక చుక్క, ఒత్తు వస్తుందని చెప్పే ఇంకో చుక్క, తర్వాత మూడేసి చుక్కల ‘మ’లు రెండు. మొత్తం ఎనిమిది చుక్కల్లో అమ్మ. మనకు ఒత్తు కిందకు దిగదు, వరుసలోనే కూర్చుంటుంది. ఇంకో విషయం: బ్రెయిలీ పలక మీద కాగితం వెనకనుంచి పొడుస్తాం కాబట్టి కుడినుంచి ఎడమకు రాసి, తిప్పి, ఎడమనుంచి కుడికి చదువుతాం. మీ తరగతిలో తెలివైనవాళ్ళకు కూడా మొదటి రోజు చెమట పడుతుంది. అప్పుడు వాళ్ళకు కలిగేది జాలి కాదు.

తెలుగు పంతులు:

పై అన్నగారి మాటలకు నావి తోడు. నేను ఎనిమిదో తరగతితో ఒకసారి ఇలాంటి పని చేయించాను, మాటల మీద.

వైకల్యం పేరు ఉన్న సామెతలు, పలుకుబడులు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకురమ్మన్నాను. రెండు రోజుల్లో నల్లబల్ల నిండిపోయింది. గుడ్డి నమ్మకం, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, గుడ్డికన్నా మెల్ల మేలు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, చెవిటి మాలోకం, కుంటి సాకు, కుంటి నడక. మీ లెక్కల్లోనూ ఒకటి ఉంది: గుడ్డి సున్నా. ఒక్కొక్కదాని ఎదురుగా ఆ మాట అక్కడ ఏ అర్థంలో వచ్చిందో రాయించాను. తెలివి తక్కువ, విలువ లేదు, అబద్ధం, పనికిరాదు. జాబితా పూర్తయ్యాక తరగతిలో చప్పుడు లేదు. మన భాషంటే ప్రాణం పెట్టేవాణ్ణి నేను. ఆ బల్ల ముందు నిలబడి నేనూ ఏమీ మాట్లాడలేదు.

సామెతలను కొట్టేయమని చెప్పలేదు. అవి పుట్టిన కాలం వేరు, వాటిలో లోకజ్ఞానమూ ఉంది. కానీ ‘కుంటి సాకు’ అన్నప్పుడల్లా ఎవరి నడకను అబద్ధానికి కొలతగా వాడుతున్నామో తెలిసి మాట్లాడితే వేరు, తెలియక మాట్లాడితే వేరు.

ఆ పనిలో అనుకోనిది ఒకటి బయటపడింది. ఒక పిల్లవాడు వాళ్ళ వీధిలో ఒకాయనను అందరూ ‘చెవిటాయన’ అనే పిలుస్తారనీ, ఆయన అసలు పేరు తనకు తెలియదనీ రాశాడు. నాన్నకు తెలియదు, నానమ్మకూ తెలియదు. చివరికి వాడే వెళ్ళి కాగితం మీద ప్రశ్న రాసి చూపించి పేరు తెలుసుకున్నాడు. మరునాడు ఆ పేరును మూడుసార్లు గట్టిగా చదివాడు.

ఇక ‘వికలాంగులు’, ‘దివ్యాంగులు’ అన్న మాటల తగువు మీ దగ్గరా వస్తుంది. 2015 చివర్లో ప్రధానమంత్రి సూచించాక దివ్యాంగులు అన్న మాట ప్రభుత్వ వాడుకలోకి వచ్చింది. మాకు దివ్యత్వం అక్కర్లేదు, హక్కులు చాలు అని అప్పుడే అభ్యంతరం చెప్పిన సంఘాలు ఉన్నాయి. నేను ‘వైకల్యం ఉన్నవారు’ అంటాను, మనిషి ముందు కనబడాలని. పిల్లలతో ఈ చర్చ పెట్టండి, తీర్పు మాత్రం మీరు చెప్పకండి.

ఒక అమ్మ:

టీచరుగారూ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

మా అబ్బాయికి పుట్టుకతో వినికిడి లేదు. ఏడో తరగతి. పోయిన ఏడాది ఇలాంటి కార్యక్రమంలోనే వాణ్ణి వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. ఒక పెద్దమనిషి మైకులో వాడి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడారు. అందులో ఒక్క మాటా వాడికి అందలేదు, సైగలతో చెప్పేవాళ్ళను ఎవరూ పెట్టలేదు. ఇంటికి వచ్చాక శాలువా మడతపెట్టి “నేనేం గెలిచాను?” అని సైగ చేశాడు. ఏం చెప్పమంటారు?

కాబట్టి ముందు ఆ అమ్మాయిని అడగండి. ఒంటరిగా, సమయం ఇచ్చి అడగండి. వద్దంటే అక్కడితో ఆపండి. ఒప్పుకుంటే ఏం చేయాలో ఆమెనే చెప్పనివ్వండి.

మీ జట్లలో ఒకరికి వినికిడి అంశం ఇస్తే మా ఇంట్లో తెలిసినవి రాస్తున్నాను. టీచరు బల్లవైపు తిరిగి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకునే పిల్లవాడికి పాఠం అక్కడే ఆగిపోతుంది. వినికిడి యంత్రం మాటతోపాటు ఫ్యాను రొద, బెంచీలు జరిపే చప్పుడు కూడా పెంచి వినిపిస్తుంది, అందుకే కిటికీ వెలుతురు టీచరు ముఖం మీద పడేలా ముందు వరుసలో కూర్చోబెట్టాలి. అరిచి మాట్లాడితే పెదవుల ఆకారం చెడిపోతుంది, మామూలుగా మాట్లాడాలి. భారతీయ సైగల భాషకు ఢిల్లీలో 2015లో ఒక జాతీయ పరిశోధన, శిక్షణ సంస్థ ఏర్పడింది. వాళ్ళ నిఘంటువులో పదివేల మాటలు వీడియోలుగా ఉన్నాయి, ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. మా సందులో పిల్లలు క్రికెట్ ఆడటానికి కావలసిన సైగలన్నీ వారంలో పట్టేశారు. చప్పట్లకు కూడా సైగ ఉంది: రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పి ఆడించడం. ఆ శాలువా రోజున ఎవరైనా అలా చేసి ఉంటే వాడికి అర్థమయ్యేది.

బీఈడీ విద్యార్థి:

నా అనుభవం కొంచెం వేరు. మా శిక్షణ కళాశాలలో ఐదుగురి జట్టుకు ఒక చక్రాల కుర్చీ ఇచ్చి, ఒకరు అందులో కూర్చుని కార్యాలయానికి వెళ్ళి ఒక దరఖాస్తు ఇచ్చి రావాలన్నారు. వంతులవారీగా అందరం ప్రయత్నించాం. కార్యాలయం మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్ల కింద నిలబడి గుమాస్తాగారిని పిలిచాం. ఆయన రాలేదు. రెండేళ్ళుగా రోజూ ఎక్కుతున్న మెట్లను నేను చూసింది ఆ రోజే. అలాంటి అనుభవాలన్నిటినీ వద్దనడం సరికాదని నా అభిప్రాయం.

ఆరు చుక్కలు:

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. నా మాటలో ఆ తేడా చెప్పలేదు. మీరు నడవలేనివాళ్ళలా నటించలేదు. మీ కళాశాల భవనాన్ని పరీక్షించారు, అది తప్పింది. టీచరుగారి పిల్లలు కాళ్ళు వంకర పెట్టి నడిచినప్పుడు పరీక్షకు నిలబడింది ఆ అమ్మాయి శరీరం. కొలవాల్సింది బడిని.

భవిత కేంద్రం నుంచి:

నేను మండల భవిత కేంద్రంలో ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువులో తోడ్పడే రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. మీ మండలంలోనూ మాలాంటివాళ్ళు ఉంటారు. ప్రాజెక్టు మొదలుపెట్టకముందే ఒకసారి పిలిపించండి, సంతోషంగా వస్తారు.

పిల్లలతో మొదట ఒక ఆట ఆడించండి. వైకల్యాలు ఎన్ని రకాలో రాయమనండి. నాలుగో ఐదో రాసి ఆగిపోతారు. వైకల్యం ఉన్నవారి కోసం వచ్చిన 1995 చట్టంలో ఏడే ఉండేవి. 2016లో వచ్చిన చట్టంలో 21 ఉన్నాయి. వాటిలో చాలా వరకు చూడగానే తెలియవు: తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, ఆటిజం, చదవడంలో రాయడంలో లెక్కల్లో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు. ‘బద్ధకస్తుడు’ అని మనం రోజూ తిట్టే పిల్లవాడు ఈ జాబితాలో ఉండవచ్చు. ఇది నేను ముఖ్యంగా టీచర్ల కోసమే రాస్తున్నాను.

ఇంకో జట్టుకు ‘ఎందువల్ల వస్తుంది’ అన్న ప్రశ్న ఇవ్వండి. పూర్వజన్మ పాపం అన్న మాట నేను ఇప్పటికీ ప్రతి నెలా తల్లుల నోట వింటున్నాను, వాళ్ళు ఏడుస్తూ తమనే తిట్టుకుంటారు. దానికి జవాబు మన దగ్గరే ఉంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో మూడు తరాల ఎముకలు వంగిపోవడానికి కారణం బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది ఎన్నో రెట్లు ఉండేది. అలాగే పోలియో. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు నమోదైంది 2011 జనవరి 13న. మీ పిల్లలు పుట్టేనాటికే అది పోయింది, వాళ్ళ మేనమామల్లో బాబాయిల్లో ఎవరో ఒకరికి దాని గుర్తు ఉండే ఉంటుంది. పాపం చేసేవాళ్ళు 2011లో హఠాత్తుగా తగ్గిపోయారా అని అడగండి. వాళ్ళే జవాబు చెబుతారు.

సెరెబ్రల్ పాల్సీ అంటే పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతినడం. అంటదు. తెలివి తగ్గి తీరాలని లేదు, మీ అమ్మాయే సాక్ష్యం. కానీ ఈ వివరం తరగతికి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

హాకింగ్ బొమ్మ పెట్టిన జట్టుకు దీప్తి జీవాంజి గురించి చెప్పండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి, మేధోపరమైన వైకల్యం. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో ఆమెను ఎన్ని మాటలన్నారో తల్లిదండ్రులే చెప్పారు. అయితే పతకాల దగ్గర ఆగవద్దు. పతకం తేని పిల్లకూ బడిలోకి దారి కావాలి.

ఆ దారి లెక్క మీకు పనికొస్తుంది. ర్యాంపు వాలు 1:12 కన్నా ఎక్కువ నిటారుగా ఉండకూడదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. తలుపు సందు 90 సెంటీమీటర్లు. చక్రాల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల చోటు. టేపు ఇచ్చి పంపండి.

ఆ అమ్మాయికి వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం ధ్రువపత్రం ఉందో లేదో కనుక్కోండి. దాన్ని పింఛను కాగితం అనుకుంటారు అందరూ. 40 శాతం, ఆపైన ఉంటే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం కోరడానికి, తర్వాత కళాశాల సీటుకు, ఉద్యోగానికి అదే ఆధారం. పదో తరగతి దగ్గరికొచ్చాక పరుగెత్తడం కన్నా ఇప్పుడే మేలు.

లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. నెల దాటింది. జరిగింది చెప్పడం నా బాధ్యత.

మీ జవాబులు చదివిన మరునాడే ఆ అమ్మాయిని అడిగాను, భోజన విరామంలో, ఎవరూ లేనప్పుడు. ముందు ఆలస్యానికి క్షమించమన్నాను. ఆలోచించి చెబుతానంది. రెండు రోజులకు నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం ఇచ్చింది. మూడు వాక్యాలు. నన్ను వేదిక మీదకు పిలవవద్దు. టేపు నా చేతిలో ఉండాలి. ముందు మరుగుదొడ్డి కొలవాలి.

మూడో వాక్యం నాకు అప్పుడు అర్థం కాలేదు.

కాలు కట్టుకుని నడవాలనుకున్న ఆరో జట్టునే ఆమెతో కలిపాను. మొదట వాళ్ళు ఆమె ముఖం చూడలేకపోయారు. ఆమె పట్టించుకోలేదు, టేపు చివర ఒకడి చేతికిచ్చి “గట్టిగా పట్టుకో” అంది. తరగతి గది నుంచి మరుగుదొడ్ల దాకా 46 మీటర్లు, అంతా ఇసుక నేల. అక్కడ రెండు మెట్లు, ఒక్కొక్కటి 18 సెంటీమీటర్లు. తలుపు సందు 60 సెంటీమీటర్లు. ఆమె వాకర్ వెడల్పు కొలిస్తే 63 వచ్చింది.

టేపు పట్టుకున్న పిల్లవాడు అంకెలు రెండూ మళ్ళీ చదివాడు. “వాకర్ లోపలికి పట్టదు కదా. మరి నువ్వు ఎలా వెళ్తావు?” అన్నాడు.

“వెళ్ళను” అంది.

పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఇంటికి చేరేదాకా వెళ్ళదట. అందుకే బడిలో నీళ్ళు తాగదు. మధ్యాహ్న భోజనంలో పప్పుచారు వేయించుకోదు. ఆరో తరగతి నుంచీ అంతే. ఆ పిల్లను మూడేళ్ళు వారానికి ఆరు రోజులు చూశాను నేను. ఆమె పెదవులు ఎండిపోయి ఉండటం గమనించాను కూడా. అది ఆమె వైకల్యంలో భాగం అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆ జట్టు ఇంటికి వెళ్ళలేదు. ముందువైపు ర్యాంపు కూడా కొలిచారు. ఎత్తు 60 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్ల 40. వాలు 1:4. ఉండాల్సిన పొడవు 7 మీటర్ల 20. ర్యాంపు ఉంది అని మేము ఏటా పంపే కాగితంలో టిక్కు పెడుతూనే ఉన్నాం. ఆమె దాన్ని ఎప్పుడూ వాడలేదు, దిగేటప్పుడు వాకర్ ముందుకు జారిపోతుందట. వాళ్ళ నాన్న ఎత్తుకుని దించుతాడు. పద్నాలుగేళ్ళ అమ్మాయి.

7 మీటర్ల 20 తిన్నగా వేస్తే వేపచెట్టు అడ్డొస్తుంది. చెట్టు కొట్టేద్దాం అన్నవాడితో మిగతావాళ్ళు గొడవపడ్డారు. చివరికి మధ్యలో ఒకటిన్నర మీటర్ల చదును పెట్టి వెనక్కి మళ్ళే ర్యాంపు నమూనా గీశారు. గ్రాఫు కాగితం మీద ఆ గీతలు ఆమెవి. నిష్పత్తి పాఠం నేను పదిహేనేళ్ళుగా చెబుతున్నాను, ఇంత ఆవేశంగా ఎవరూ లెక్క చేయడం చూడలేదు.

మిగతా జట్లూ బాగానే చేశాయి. నోట్ల పట్టీలు అట్టతో కత్తిరించారు. బ్రెయిలీ జట్టు పలక దొరికేదాకా దబ్బనంతో పొడిచింది, సగం పేర్లు తిరగబడ్డాయి. సామెతల జట్టు చార్టు ముందు మా సహోపాధ్యాయుల్లో ఒకరు చాలాసేపు నిలబడ్డారు. ఫ్లోరైడ్ గురించి ఇంకా రాస్తున్నారు.

డిసెంబరు 3న వేదిక వేయలేదు. ప్రార్థన సిమెంటు వరండాలోకి మార్చాం, ఆ అమ్మాయి వరుసలో నిలబడింది. తర్వాత ప్రధానోపాధ్యాయులను, పాఠశాల కమిటీ సభ్యులను ఆరో జట్టు టేపుతో సహా తీసుకెళ్ళి చూపించింది. ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. పిల్లలు అంకెలు చదివారు, పెద్దవాళ్ళు విన్నారు. జట్టులో ఒకడి తండ్రి తాపీమేస్త్రీ. ఆయన కూలి తీసుకోనన్నాడు, సిమెంటు ఖర్చు కమిటీ పెట్టింది. మరుగుదొడ్డి తలుపు 90 సెంటీమీటర్లకు మార్చారు, మెట్ల స్థానంలో 4 మీటర్ల 32 ర్యాంపు వచ్చింది. ముందువైపు ర్యాంపుకు అనుమతి రావాలి, కాగితం పెట్టాం. సదరం శిబిరానికి వాళ్ళ అమ్మతో నేను వెళ్ళబోతున్నాను.

పోయిన సోమవారం ఆమె బెంచీ మీద నీళ్ళ సీసా ఉంది.

ఇప్పుడు మా దగ్గర మిగిలింది ఆ 46 మీటర్ల ఇసుక. సిమెంటు పలకలు పరిస్తే చవకని మేస్త్రీ అంటున్నాడు, కాంక్రీటు దారి వేయాలని జట్టు అంటోంది. వాకర్‌కు ఏది మంచిది?

భవిత కేంద్రం నుంచి:

జట్టు మాటే సరి. పలకల మధ్య సందుల్లో వాకర్ కాళ్ళు ఇరుక్కుంటాయి, ఒక వాన పడితే పలకలు ఎగుడుదిగుడు అవుతాయి. కాంక్రీటు వేసి ఆరకముందే పైన చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి, జారదు. నున్నటి టైల్సు ఎవరు ఉచితంగా ఇస్తామన్నా వద్దు. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గనివ్వకండి, పక్కన స్నేహితురాలు నడవడానికి చోటు ఉండాలి. మొదట ఐదు మీటర్లు వేసి, నీళ్ళు చల్లి, ఆ అమ్మాయిని నడిచి చూడమనండి. ఆమె సరే అన్నాకే మిగతాది.